నెల చాలన్న మాట

నరసాపురం,
2004 ఆగస్టు.

ప్రభువు కాపుదలలో ఉన్న నా కూతురు మెర్సీకి, మీ అమ్మ సంపూర్ణమ్మ దీవించి రాయించునది. ఇక్కడ నేనూ మీ నాన్నా వేళకు తింటూ బాగానే ఉన్నాం. హైదరాబాదులో నువ్వూ అల్లుడుగారూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఫోనులో అయితే మధ్యలో అడ్డం తగులుతావు, అందుకే రాయిస్తున్నాను. రాస్తున్నది లోవలక్ష్మి, నేను నేర్పే లేసు క్లాసుకి వచ్చే పక్కవీధి కోడలు. చెప్పింది చెప్పినట్టు రాయకపోతే చదివించుకుని పట్టుకుంటానన్నాను. "చదివేదీ నేనే కదండీ పెద్దమ్మగారూ" అని నవ్వుతోంది.

నువ్వడిగినవి ముందు చెబుతాను. షుగరు మాత్రలు మానలేదు. మీ నాన్న మోకాలు అలాగే ఉంది. చర్చికి నడిచే వెళ్తారు, వచ్చేటప్పుడు మాత్రం ఎవరి సైకిలో ఎక్కుతారు. వానలకి కాలవ నిండుగా పోతోంది.

ఇక అసలు సంగతి. లేసు పనివాళ్ళ సొసైటీ నడిపే మన క్లాసుని కంప్యూటరు పాఠాలుగా మార్చే పని మీ కంపెనీకి రావచ్చని, ఎన్నాళ్ళు పడుతుందో లెక్క వేసే బాధ్యత నీ మీద పెట్టారని, అది కుదిరితేనే నీ ఉద్యోగం పర్మినెంటని రాశావు. గంట పాఠానికి నూరు గంటల పని అన్నావు. రాయడం, బొమ్మలు తీయడం, మాట కలపడం, తప్పులు చూసుకోవడం అన్నీ చేర్చి ఎనిమిది నెలలు వేశావు. సొసైటీ వాళ్ళేమో నెల చాలని పట్టుబట్టారు. ఆ మాట వాళ్ళకి నువ్వే ఇచ్చావని మీ సారు అనుమానం. "నెల అన్నదెవరో కనుక్కో అమ్మా" అని రాశావు.

అన్నది నేనే.

సొసైటీ మేనేజరు పల్లంరాజుగారు ఒకరోజు క్లాసుకొచ్చి కుర్చీ వేసుకుని, "మీ అమ్మాయికి ఎన్నాళ్ళు పడతాదంటారండి సంపూర్ణమ్మగారూ?" అన్నారు. ఇక్కడ లేసు ఆర్డరు ఎలా ఇస్తారో నీకు తెలుసు. ఏజెంటు అరుగు దగ్గర నిలబడి ఎన్నాళ్ళకిస్తారని అడుగుతాడు. తక్కువ రోజులు చెప్పినదానికే దారం ఉండలు ఇస్తాడు, ఎక్కువ చెప్పినదాన్ని చేతకానిదంటాడు. తరవాత ఆలస్యమైనా ఎవరూ ఏమనరు. నా వయసంతా అలా చెప్పే పని తెచ్చుకున్నాను. నోటికి అదే వచ్చింది. "నా కూతురికా? నెల చాలండి. దాని చెయ్యి నా చెయ్యికంటే జోరు" అన్నాను. ఆడవాళ్ళంతా చూస్తున్నారు కదా అని ఇంకాస్త గట్టిగా అన్నాను.

నీ ఉత్తరం చదివించుకున్న పూటే సొసైటీ ఆఫీసుకి పోయి పల్లంరాజుగారితో అన్నాను.

"అది లేసు మాటండి. కంప్యూటరుకి పనికిరాదు. ఎనిమిది నెలలు రాసుకోండి."

"అలా మారిస్తే ఎలాగండి? పెద్దవారు, మాట మీద ఉండాలి కదండీ."

"మాట నాది. పని దానిది. దాన్నడక్కుండా నన్నెందుకడిగారు?"

ఆయన ఫ్యాను కేసి చూశారు. "బెజవాడ కంపెనీ వాళ్ళు నెలకి ఒప్పేసుకున్నారండి. నిన్ననే ఇచ్చేశాం. వాళ్ళు ఫొటోలు తీసుకోగానే క్లాసు మూసేస్తాం" అన్నారు.

ఇంతసేపూ నోట్లో పెట్టుకు తిరిగింది ఇదే. ఆ పని మీకు రాలేదు మెర్సీ. ఇక్కడ క్లాసూ ఉండదు.

నాకు కోపం రాలేదు. ఇంటికొచ్చి బియ్యం కడిగాను. మళ్ళీ కడిగాను. మీ నాన్న "ఎన్నిసార్లు కడుగుతావే" అనేదాకా నాకు తెలియనే లేదు. ఏడుపూ లేదు. ఇంకెవరింట్లోనో జరిగింది విన్నట్టుంది. లోవలక్ష్మి రాయడం ఆపి నా మొహం చూస్తోంది. రాయమ్మా, ఏం లేదు.

మొన్న మంగళవారం బెజవాడ వాళ్ళు కెమెరా తెచ్చారు. క్లాసులో దీపాలు పెట్టి, "అమ్మా, చేతులు ఇటు పెట్టి మొదటి గొలుసు కుట్టు వెయ్యండి" అన్నారు. నేను చేతులు కొంగు కింద పెట్టుకు కూర్చున్నాను.

"ఒంట్లో బాలేదాండీ?"

"బానే ఉంది."

"మరి ఎప్పుడు రమ్మంటారండి?"

"నా కూతురు రమ్మన్నప్పుడు."

వాళ్ళు క్లాసులో నా పక్కన కూర్చునే చిట్టెమ్మని అడిగారు. చిట్టెమ్మ తన సూది సంచిలో వేసేసుకుంది. ఆ వెనక అందరూ వేసేసుకున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు, సైగ కూడా చెయ్యలేదు. వాళ్ళు టీ తాగి దీపాలు విప్పుకుపోయారు. అప్పుడైనా సంతోషం వేయాలి. వేయలేదు.

దీంతో పని నీకు తిరిగొస్తుందని నేను చెప్పను. రాకపోవచ్చు. ఈ ఉత్తరం మీ సారుకి చూపించు. నెల అన్నది నువ్వు కాదని, మీ అమ్మ అని కింద నా వేలిముద్ర పెడుతున్నాను. నమ్మకపోతే ఆయన్నే ఇక్కడికి రమ్మను, మొహం మీదే చెబుతాను. పల్లంరాజుగారు ఎన్నాళ్ళని మళ్ళీ అడగడానికొస్తే నీ ఫోను నంబరు ఇచ్చి లోపలికి పోతాను.

ఇట్లు,
నీ బదులు లెక్క చెప్పిన మీ అమ్మ
సంపూర్ణమ్మ
(వేలిముద్ర)