ఎడమచేతి రంపం

జనవరి 18

చిరంజీవి తమ్ముడికి,

పెద్దల్లుడి హోదాలో నా ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ వదినా, నా కుట్టుమిషనూ ముగ్గురం కులాసా. మిషను ఒక్కటే కాస్త మూలుగుతోంది. అక్కడ నువ్వూ, మరదలూ, మామగారూ ఆరోగ్యంగా ఉన్నారనే అనుకుంటున్నాను. ఈ సంగతులు ఫోన్లో చెప్పుకోవచ్చు. కానీ నేను ఫోన్ పట్టుకుంటే మీ వదిన పక్కన నిలబడి ప్రతి మాటకీ సవరణ చెబుతుంది. అందుకే రాస్తున్నాను.

మొన్న మేం మీ ఇంటికి వచ్చినప్పుడు మామగారు రెండు కాగితాల మీద ఒకే పడవ బొమ్మ గీసి చెరొకటి చేతిలో పెట్టారు కదా. నా కాగితాన్ని మా పాకలో గోడకి అంటించుకున్నాను. పన్నెండడుగుల పడవ, ఇద్దరు కూర్చునేది. బతుకంతా పడవలు కట్టిన మనిషి, చెయ్యి వణుకుతోందని ఆ పని ఇద్దరల్లుళ్లకి అప్పజెప్పాడు. ఒకడు దర్జీ, ఇంకొకడు వాచీలు బాగుచేసేవాడు. ఏ పడవ ముందు నీళ్లలో తేలితే అందులో తెడ్డు తానే పడతానన్నారు. ఆ మాట ఆయన నవ్వుతూ అన్నారు గానీ నాకు మాత్రం నవ్వులాట కాదు. ఇరవై రెండేళ్లుగా నేను ఆ ఇంటి పెద్దల్లుణ్ణి. నువ్వొచ్చి తొమ్మిదేళ్లు.

ఇక నీ ఉత్తరంలో అడిగిన సంగతి. మామగారు నీకిచ్చిన పాత చేతిరంపం మీ ఇంటికి ఆనుకున్న కొట్టు వెనక గదిలో మేకుకి లేదనీ, ఎంత వెతికినా దొరకలేదనీ రాశావు. పాపం, చదివి చాలా బాధపడ్డాను. ఆయన నలభై ఏళ్లు వాడిన రంపం అది. అది పెద్దల్లుడికి కాకుండా చిన్నల్లుడికి ఎందుకిచ్చారని నేనెప్పుడూ అడగలేదు. ఇంట్లో ఎడమచేతి వాటం ఆయనదీ, నీదీ మాత్రమే, అందుకేనని ఆయనే చెప్పారు. సరే. కుడిచేతి వాటంతో పుట్టడం నా తప్పు అనుకుని ఊరుకున్నాను. అటకమీద చూశావా? మరదలు పాత ఇనుముతో పాటు వేసేసిందేమో కనుక్కో.

చేతిరంపం కొత్తది కొనాలా, కరెంటు రంపం తీసుకోవాలా అన్నావు. మరో ఆలోచన లేకుండా కరెంటు రంపమే తీసుకో. నీకు దొరికేది ఒక్క ఆదివారం. చేతిరంపంతో ఒక పక్క పలక కోయడానికే రెండు పూటలు పడుతుంది. అంత ఓపిక, అంత తీరిక నాలాంటివాడికే ఉంటాయి. మిషను అయితే మీట నొక్కడమే. మామగారు ఏమైనా అంటే అన్నయ్య చెప్పాడని చెప్పు.

మరదలు ఇచ్చిన కర్టెన్ల గుడ్డ ఇంకా మడత విప్పలేదు. తీరిక చేసుకుని కుడతాను.

ఇట్లు,
మీ అన్నయ్య

*

ఫిబ్రవరి 27

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. అందరం క్షేమం. నీ ఫోటో అందింది. నేను అడగలేదు, అయినా పంపావు. మీ వదిన దాన్ని అద్దం మూలకి గుచ్చింది. రోజూ గడ్డం గీసుకుంటూ నీ పడవని చూడాల్సి వస్తోంది.

నాలుగు ఆదివారాల్లో నాలుగు పలకలు కోసేశావు. నేను రోజూ కొట్టు తెరిచేముందు గంటసేపు కష్టపడి ఇప్పటికి కోసింది రెండు. అందులో ఒకటి గీత దాటి పక్కకి పోయింది. చిత్రిక పట్టి సర్దుకున్నాను. చేతికి కాయలు కాశాయి, అవీ ఉండాల్సిన చోట కాదు. బొటనవేలి మొదట్లో. కత్తెర పట్టుకుంటే మంట. అయినా పని అంటే అలాగే ఉంటుంది.

మామగారు నిన్న మీ ఇంటి నుంచి మీ వదినకి ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. ఆ అరగంటలో నా పేరు ఒక్కసారి వచ్చింది. వాడు మిషను తొక్కుతున్నాడా అని. మిగతా అంతా నీ పడవే. చిన్నోడి చేతిలో పనుందని రెండుసార్లన్నారట. మీ వదిన ఆ మాట పొంగిపోతూ నాతో చెప్పింది. నేను ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టేశాను. కుళ్లుకుంటున్నానని నువ్వు అనుకుంటే అనుకో. దాచడానికేముంది, అవును, కుళ్లుగానే ఉంది.

అందుకే పెద్దవాడిగా రెండు మాటలు చెప్పాలి. కరెంటు రంపంతో కోసినది కోతే గానీ పని కాదు. దాని చప్పుడుకి చెక్క ఏం చెబుతోందో వినపడదు. చేతిరంపం గీత తప్పుతుంటే చెయ్యే ఆగిపోతుంది. మిషను ఆగదు, నువ్వు తేరుకునేలోపు జానెడు పోతుంది. పొట్టు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిషను కొనమన్నది మీరే కదా అని నువ్వు అంటావని తెలుసు. కొనమన్నాను. అంత బాగా వాడమని చెప్పానా?

ఇంకొకటి. రంపం పాత ఇనుములో పడేసిందని మరదల్ని నిలదీశావనీ, ఆమె మూడు రోజులు నీతో మాట్లాడలేదనీ మీ వదిన చెప్పింది. పోయిన వస్తువు గురించి ఇంట్లో గొడవలెందుకు? ఆమె పడేసి ఉండదు. వదిలెయ్యి.

మామగారిని ఏప్రిల్ మొదట్లో ఇటు పంపుతానన్నావు. ఆలస్యం చెయ్యకు. నా పని కూడా ఆయన కళ్లారా చూడాలి.

ఇట్లు,
మీ అన్నయ్య

*

ఏప్రిల్ 9

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. మామగారు శుక్రవారం మధ్యాహ్నం బస్సులో క్షేమంగా దిగారు. సంచీ నేనే మోశాను. ఇంటికి నడుస్తున్నంతసేపూ నీ పడవ ముక్కు దగ్గర పలకలు ఎంత ముచ్చటగా కలిశాయో చెప్పారు. అన్నం తింటున్నప్పుడూ అదే. పెరుగు దగ్గరికి వచ్చేసరికి నీ పడవ అడుగు దాకా వచ్చారు. మీ వదిన నా మొహం చూసి ఆయనకి ఇంకో గరిటె వడ్డించింది, నోరు అటు మళ్లుతుందని.

కాఫీ తాగాక పాకలోకి తీసుకెళ్లాను. నా అయిదు పలకలూ గోడకి వరసగా నిలబెట్టి ఉంచాను. ముందురోజే నేల ఊడ్చి, ఉలులు తుడిచి, చిత్రికలు ఎత్తు ప్రకారం పేర్చాను. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. చెక్కని ఆయన కళ్లతో చూడరు, నీకు తెలుసుగా. మొదటి పలక కోసిన అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా లాగుతూ పోయారు. మధ్యలో ఆగారు. వెనక్కి వచ్చి మళ్లీ లాగారు. తర్వాత రెండో పలక. మూడోది. ఇరవై రెండేళ్లలో ఆ మనిషి నా పని ఇంత శ్రద్ధగా ముట్టుకోవడం అదే మొదటిసారి.

చివరికి నావైపు తిరిగి, పనయ్యాక ఎక్కడిది అక్కడ పెట్టెయ్యి అల్లుడూ అన్నారు. అంతే అన్నారు. పనిముట్లు సర్ది ఉంచిన పద్ధతి ఆయనకి నచ్చిందన్నమాట. నీ పాకలో పొట్టు చీలమండల దాకా ఉంటుందని ఆయనే చెప్పారు. నీకు అలాంటి మాట ఎప్పుడైనా చెప్పారా?

నీది ఒక్క పలక మిగిలిందట. నావి ఇంకా మూడు. నువ్వే ముందు అవుతావు, నాకు తెలుసు. తెలిసినా ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

ఇట్లు,
మీ అన్నయ్య

*

ఏప్రిల్ 28

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. ఈసారి అక్కడ క్షేమమా అని ఎలా రాయను? మరదలు ఫోన్ చేసినప్పుడు నేను ఒక కోటుకి భుజం అతికిస్తున్నాను. మీ వదిన ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఒక్కో మాటా నాకు అప్పజెప్పింది. పలకలో బిగుసుకుని రంపం వెనక్కి తన్నిందనీ, కుడిచేతి చూపుడువేలు కొస పోయిందనీ, మధ్యవేలికి అయిదు కుట్లు పడ్డాయనీ విన్నాను. ఆ మిషను కుడిచేతి వాళ్ల కోసం చేసింది. నువ్వు దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో పలక నొక్కి పెట్టావు. చెప్పలేదా నేను, మిషను ఆగదని? ఫిబ్రవరిలోనే రాయలేదా?

ఇంతవరకూ రాసి ఆగాను. పై రెండు మాటలూ కొట్టెయ్యాలనుకున్నాను. కొట్టెయ్యను, ఉండనీ. నేనెలాంటివాణ్ణో నీకు తెలియాలి.

మీ వదినా మామగారూ ఆ సాయంత్రం బస్సుకే బయల్దేరారు. స్కూలు యూనిఫారాల ఆర్డరు ఉందని నేను ఆగిపోయాను. ఉన్నమాట నిజమే, కానీ అది రెండ్రోజులు ఆగే ఆర్డరే. నీ ఎదురుగా కూర్చుని ఆ కట్టు చూడలేను. మామగారు గుమ్మం దాటుతూ ఒకసారి పాక వైపు చూశారు, తర్వాత నావైపు చూశారు.

వాచీలోపలి చక్రాన్ని ఎడమచేతి పట్టకారుతో తీస్తావనీ, వాచీని కుడిచేతి రెండు వేళ్ల మధ్య కదలకుండా పట్టుకుంటావనీ నాకు తెలుసు. ఎన్నోసార్లు నీ కొట్టులో కూర్చుని చూశాను. ఆ రెండు వేళ్లే అవి. గాయం మానాక పట్టు మళ్లీ వస్తుందని డాక్టరు అన్నాడట. రావాలి. రాకపోతే నా సంగతేమిటో నాకు తెలియదు.

మరదలికి చెప్పు, కర్టెన్లు కుట్టేశాను. ఈ ఉత్తరంతో పాటే పార్సిల్లో వస్తున్నాయి. విప్పేటప్పుడు జాగ్రత్త. నువ్వు విప్పకు, ఆమెనే విప్పమను.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క. కర్టెన్ల మధ్య మామగారి రంపం ఉంది.

మీ ఇంటి నుంచి బయల్దేరిన రోజు, మీరంతా వీధిలో ఆటో కోసం చూస్తుంటే, సంచీ మర్చిపోయానని కొట్టు వెనక గదిలోకి వెళ్లాను. రంపం మేకు మీద నుంచి తీసి మరదలిచ్చిన కర్టెన్ల గుడ్డలోనే చుట్టాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నీకు ఆ రంపం లేకపోతే, ఆ రంపంతో నేను పడవ కడితే, ఆయన నన్ను చూస్తారనుకున్నాను. నువ్వు కొత్త చేతిరంపం కొనుక్కున్నా నాకంటే బాగా కోస్తావని భయమేసింది. అందుకే మిషను కొనమన్నాను. నీ ఆదివారాల మీద ప్రేమతో కాదు.

పిడి నుంచి మూడు వేళ్ల దూరంలో ఒక పన్ను కాస్త పక్కకి వంగి ఉంది, నీకు తెలుసు. ఎప్పుడో మేకుకి తగిలిందట. కోసిన ప్రతిచోటా అంచు మీద సన్నటి గీత పెడుతుంది. మామగారి బొటనవేలు ఆగింది దాని దగ్గరే. పనయ్యాక ఎక్కడిది అక్కడ పెట్టెయ్యమన్నది ఉలుల గురించి కాదని నాకు ఆ నిమిషమే తెలుసు. అయినా ఇంకా మూడు పలకలున్నాయి కదా అనుకున్నాను. ఆ మర్నాడే పంపి ఉంటే నీ చివరి పలక నువ్వు దీంతోనే కోసుకునేవాడివి.

నా కత్తెరని ఇంకొకరు ముట్టుకుంటే రెండ్రోజులు మాట్లాడని మనిషిని నేను. ఎడమచేతి కత్తెర కుడిచేతికి ఇస్తే గుడ్డ నలుగుతుందే గానీ తెగదని కొట్టులో అందరికీ చెబుతాను. ఈ పిడి ఆయన ఎడమచేతి వేళ్లకి అరిగిపోయి ఉంది. నా కాయలు అందుకే ఉండకూడని చోట కాశాయి. నా పలకలు అందుకే గీత తప్పాయి.

మరదలి మీద వేసిన నింద నాది. ఈ కాగితం ముందు ఆమెకే చదివి వినిపించు, తర్వాత మామగారికి. మీ వదినకి నేనే చెప్పుకుంటాను.

పన్ను సరిచెయ్యలేదు, ఉన్నట్టే పంపాను. నీ ఎడమచెయ్యికి ఏమీ కాలేదన్నారు. పలకని మరదలు పట్టుకుంటే ఆ చివరి ఒక్కటీ నువ్వు దీంతోనే కోసుకోవచ్చు. నా పడవ పని ఆపేశాను. మామగారు నీ పడవలోనే తెడ్డు పట్టాలి. పార్సిల్ కడుతుంటే కూడా ఇవ్వబుద్ధి కాలేదు, అబద్ధం ఎందుకు. దారం రెండుసార్లు విప్పాను. నాలుగు నెలలు దాంతో కోశాను తమ్ముడూ, ఒక్క రోజు కూడా అది నా చేతికి కుదరలేదు.