జామకర్ర పిడి

ఫిబ్రవరి 7, పొద్దున ఆరున్నర

ఈ పుస్తకం మా ఆయనది. కత్తుల పిడులకి తెచ్చిన కర్రల బరువులు ఇందులో రాసుకునేవారు. వెనక సగం ఖాళీగా ఉంది, పారేయడం ఎందుకని నేను రాస్తున్నాను. నాది నాలుగో క్లాసుతో ఆగిన చదువు. తప్పులుంటే ఉంటాయి, ఎవరు చూస్తారు గనక.

ఆయన ఆఖరున చేసిన కత్తి బీరువాలో పాత తువ్వాలులో చుట్టి ఉంది. నా కోసమే చేశారు. బొటనవేలి కీలు వాచి ఉల్లిపాయ కూడా తరగలేకపోతున్నానని చిన్నది, వెడల్పాటిది. పదును పెట్టేశారు. పిడి బిగించడానికి మూడు రంధ్రాలూ పెట్టారు. బంకమన్ను ముద్ద నా చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నారు. నా వేళ్లు దిగిన ఆ ముద్ద ఎండిపోయి డబ్బాలో ఉంది. కర్ర మాత్రం నువ్వే ఎంచుకో, రోజూ పట్టుకునేది నువ్వు అన్నారు. రేపు చూద్దాం అన్నాను.

ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. నా రేపు ఇంకా రాలేదు.

నిన్న తమ్ముడు ఫోను చేశాడు. ఏప్రిల్ నెలాఖరుకి షాపు మూసేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడట, మోకాళ్లు సాగట్లేదట. ఆ పిడి వేయించుకుంటే ఇప్పుడే వేయించుకో అక్కా, తర్వాత నేనుండను అన్నాడు.

ఫిబ్రవరి 9

తమ్ముడు వచ్చాడు. సొంత తమ్ముడు కాదు. ఆయన కత్తులకి ముప్పై ఏళ్లు పిడులు బిగించిన వడ్రంగి. నన్ను అక్కా అంటాడు, ఆయన్ని బావా అనేవాడు. ఇప్పుడీ ఇంటి గుమ్మం తొక్కే మనిషి అతనొక్కడే. అతనొస్తేనే టీ పెడతాను. నా ఒక్కదానికి పెట్టుకోను.

ఆయన దాచిన ఎండు కర్రముక్కలు టేబులు మీద పరిచాడు. జిట్రేగి నల్లగా నునుపుగా ఉంది. మురికి పడితే కనపడదేమో అన్నాను. చింతముక్క మధ్యలో నల్లటి చార ఉంది. పగులేమో అన్నాను. అది చేవ అక్కా, దానికోసమే జనం ఎగబడతారు అన్నాడు. వేప వాసన చూసి, కూరలకి చేదెక్కుతుందేమో అన్నాను. అయితే చింత వేయించుకో, పులుపు ఖర్చు తప్పుతుంది అన్నాడు. నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో నవ్వాను, దానికీ గుండె దడ వచ్చింది.

కర్రని కళ్లతో ఎంచకూడదట. గోటితో నొక్కి చూడాలట, వేలి కణుపుతో కొట్టి వినాలట, ఆరిందైతే మోగుతుందట, చెంపకి ఆనించుకోవాలట. చెంపకి చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు.

ఫిబ్రవరి 10

ఏదీ ఎంచుకోలేదు.

ఫిబ్రవరి 17, మధ్యాహ్నం

ఇంటి యజమాని పెరట్లో జామచెట్టు కొట్టించేశాడు. పైపు వేయాలట. చెప్పనైనా లేదు. ఆ చెట్టు కిందే మా ఆయన స్టూలు వేసుకుని కత్తులకి ఆకురాయి పట్టేవారు. పని చేసేటప్పుడు చొక్కా విప్పి కింది కొమ్మకి తగిలించేవారు. ఆ కొమ్మ ఒక్కటి అడిగి తెచ్చుకున్నాను. నా మోచేతి అంత లావుంది. బెరడు చల్లగా, మనిషి చర్మంలా ఉంది. వంటగదిలో పెట్టాను. ఎక్కడ పెట్టినా దాన్నే చూస్తున్నాను.

ఫిబ్రవరి 18

జామే కావాలన్నాను. తమ్ముడు తల పట్టుకున్నాడు. నిన్నటిదాకా కాయలు కాసిన చెట్టు అక్కా, ఆరడానికి ఏడాది పడుతుంది, నాకున్నది రెండు నెలలు అన్నాడు. ఎండిన నారింజ కర్ర ఉంది కదా, బావ నాలుగేళ్లు దాచాడు అన్నాడు. కొమ్మని అతని ముందుకి జరిపాను. కాసేపు నా మొహం చూసి రంపం తీశాడు.

కోస్తే లోపల లేత గోధుమరంగు. గీతలు ఎంత సన్నగా ఉన్నాయో, దువ్వెనతో గీసినట్టు. రెండు ముక్కలు కోశాడు, ఒకటి పాడైతే ఇంకోటి. చివర్లకి మైనం కరిగించి పూశాడు. నీళ్లు చివర్లనుంచి గబగబా పోతే కర్ర బీటలిస్తుందట. పక్కలనుంచి మెల్లగా పోవాలట. శనివారం శనివారం తూచి బావ పుస్తకంలోనే రాయి అన్నాడు. మూడు వారాలు వరసగా బరువు మారకపోతే ఆరినట్టు.

మొదటిది 162 గ్రాములు. రెండోది 166. రెండోదాన్ని షెల్ఫులో డబ్బాల వెనక పెట్టాను.

ఫిబ్రవరి 20

మొదటి ముక్కకి పక్కన వెంట్రుకలాంటి గీత కనపడింది. నిన్న ఉందా లేదా గుర్తు రావట్లేదు. అద్దాలు తుడుచుకుని ఆరుసార్లు చూశాను. ఇది బీటలిస్తే ఇంకో కొమ్మ లేదు. చెట్టే లేదు.

చివర్లకి మైనం మంచిదైతే పక్కలకి మాత్రం చెడ్డదవుతుందా. కొవ్వొత్తి కరిగించి నాలుగు వైపులా పూసేశాను. ఇప్పుడు ప్రాణం కుదుటపడింది. తమ్ముడికి చెప్పలేదు. అన్నిటికీ కంగారే నీకు అంటాడు.

ఫిబ్రవరి 28

165. పెరిగిందేమిటని హడలిపోయాను. మైనం బరువు.

మార్చి 14

165.

ఏప్రిల్ 4

165. మూడు కాదు, ఆరు వారాలు. తమ్ముడు ఏడాది అన్నాడు. ఒక్కోసారి నాకూ అదృష్టం పడుతుంది.

చెంపకి ఆనించుకుంటే చల్లగానే ఉంది. నాకే ఒళ్లు వెచ్చబడిందేమోనని జ్వరం మాత్ర వేసుకున్నాను.

ఏప్రిల్ 7

వేడినీళ్ల గుడ్డతో మైనం తుడిచేసి తమ్ముడికిచ్చాను. కణుపుతో కొట్టి విన్నాడు. మళ్లీ కొట్టాడు. మోగట్లేదే అక్కా అన్నాడు. పుస్తకం తెరిచి మార్చి నుంచి రాసిన బరువులు చూపించాను. వేలు పెట్టి ఒక్కో వారం చదివాడు. ఈ పుస్తకంలో అబద్ధం రాసుంటే ఒక్క కత్తీ నిలిచేది కాదు, సరేలే అన్నాడు.

ఏప్రిల్ 16

పిడి వచ్చింది. కర్రని మధ్యకి చీల్చి ఇనుముకి అటొకటి ఇటొకటి బిగించాడు. అటు గీతలు ఇటు గీతలతో కలిసిపోయాయి. మూడు ఇత్తడి మేకులు. ఎండిన మట్టిముద్దని పక్కన పెట్టుకుని చెక్కాడట. పట్టుకుంటే వేళ్లు వాటి చోట్లలో అవే కూర్చున్నాయి. నొప్పి లేదు.

ఉల్లిపాయలు తరిగాను. నా ఒక్కదానికి ఎన్ని కావాలి. అయినా నాలుగు తరిగాను.

ఏప్రిల్ 28

తమ్ముడు వెళ్లిపోయాడు. బస్సు దగ్గరికి వెళ్లలేదు. వెళ్తే ఏదో మర్చిపోయావేమో చూసుకో అని పదిసార్లు అంటాను, విసుక్కుంటాడు. ఇంట్లోనే కూర్చుని ఏదో మర్చిపోయుంటాడనుకున్నాను.

మే 9

వారం రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదు. పాలవాడితో చాలు అన్నాను. అదొక్కటే మాట.

మే 20

కత్తి పట్టుకుంటే అరచేతిలో గుచ్చుకుంటోంది. చెయ్యి చిక్కిపోయిందేమోనని మందులషాపుకి వెళ్లి బరువు చూసుకున్నాను. అంతే ఉన్నాను.

జూన్ 9, సాయంత్రం నాలుగు

చెయ్యి కాదు. కర్ర ముడుచుకుపోయింది. ఇనుము అంచు చుట్టూ బయటికొచ్చింది. మేకుల తలలు పైకి తేలాయి. నడి మేకు దగ్గర్నుంచి చివరిదాకా పగులు.

చివర్లకి చాలన్న మైనాన్ని ఒంటినిండా పూశాను. నీళ్లు బయటికెలా పోతాయి. బరువెలా తగ్గుతుంది. అది ఆరలేదు, నేను ఆరనివ్వలేదు. ఆయన నాకు ఒక్కటంటే ఒక్క పని అప్పజెప్పారు. దాన్ని భయంతో పాడుచేశాను.

తువ్వాలులో చుట్టి మళ్లీ బీరువాలో పెట్టాను.

జూన్ 13

నాలుగు రోజులు ఫోను చేతిలో పట్టుకుని తిరిగాను. ఈ రోజు చేశాను. మైనం సంగతి చెప్పేశాను. తమ్ముడు అన్నాడు, తడిబట్టని డబ్బాలో మూతపెట్టి ఆరిందా అని చూశావన్నమాట. మోగట్లేదని తెలిసీ బిగించాను, నన్ననాలి అన్నాడు.

ఆయన ఆఖరి పని నాశనం చేశానన్నాను. బావ చేసింది ఇనుము అక్కా, దానికేం కాలేదు, పోయింది నేను వేసిన చెక్క అన్నాడు. రెండో ముక్కని ఏం చేశావు అన్నాడు. ఏమీ చేయలేదన్నాను. పోనీలే, దాన్ని బతకనిచ్చావు అన్నాడు.

డబ్బాల వెనకనుంచి తీశాను. దుమ్ము పట్టి ఉంది. నాలుగు నెలలుగా దీని గురించి ఒక్క పూటైనా దిగులు పడలేదు. ఒక్క బీటా లేదు.

139.

దీని బరువు తగ్గడం ఆగాక ఫోను చెయ్యి, బస్సెక్కి వస్తాను, మోకాళ్ల సంగతి మోకాళ్లు చూసుకుంటాయి అన్నాడు. ఎప్పటికి ఆగుతుంది అన్నాను. దాన్నే అడుగు అన్నాడు.

జూలై 4

133. ముట్టుకోవాలనిపిస్తోంది. తూచి, పెట్టేసి, గదిలోంచి బయటికి వెళ్లిపోయాను.

ఆగస్టు 8

126.

సెప్టెంబరు 5

121. చెంపకి వెచ్చగా ఉంది. కొడితే మోగింది. ఎవరో తలుపు తట్టినట్టే ఉంది.

సెప్టెంబరు 12

121.

సెప్టెంబరు 19

121. టీ పొడి కొత్తది తెచ్చాను.