జీతానికి కుదిరిన మనిషి

ఉదయగిరి,
సెప్టెంబరు 9

ప్రియమైన రమణయ్యకు,

డేవిడ్‌రాజు వందనాలు. ముందుగా ఒక మాట, నేను చావలేదు. నాకు సీరియస్‌గా ఉందని ఆత్మకూరు డిపోలో ఎవరో చెప్పుకున్నారట. స్నానాల గదిలో కాలు జారి పడ్డాను, మోకాలు వాచింది, అంతే. కొండరోడ్డు మీద వానలో కూడా బండి జారనివ్వనివాడు నాలుగు చెంబుల నీళ్లలో జారాడని పక్కింటివాళ్లు నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ.

ఫోను చేయకు. ఎదురుగా కూర్చొని గట్టిగా చెబితే వినపడుతుంది కానీ ఫోనులో గుయ్యిమని మోత తప్ప ఏమీ రాదు. అన్నేళ్లు ఇంజను పక్కన కూర్చున్నందుకు డిపో వాళ్లిచ్చిన బహుమానం ఇది. అందుకే మనకు ఉత్తరాలు.

అసలు సంగతి విను. మా కరుణశ్రీ నెల్లూరు నుంచి వచ్చి రెండు రోజులుండి, పోతూ పోతూ నాకు ఒక మనిషిని కుదిర్చి పోయింది. వంటకు కాదు, అంట్లకు కాదు. నా దగ్గర కూర్చోవడానికి, నాతో మాట్లాడటానికి. జీతమిచ్చి! మంచినీళ్లు కొనుక్కునే కాలం వచ్చినప్పుడే అనుకున్నాను, తర్వాత మాటలు కూడా కొనుక్కోవాల్సి వస్తుందని. మా ఆవిడ సారా బతికి ఉన్నప్పుడు నోరు మూసుకోమంటే మూసుకునేది కాదు, ఆ మాటలన్నీ ఉచితంగా వచ్చాయి.

ఈమె పేరు పెంచలమ్మ. యాభై దాటింది, మొగుడు పోయాడు. దుత్తలూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఆడవాళ్లకు టికెట్ తీసేశారు గదా, అది లేకపోతే ఆమె జీతం ఛార్జీలకే సరిపోయేది. అంటే ఈ మనిషిని నా మీదకు తోలింది మా అమ్మాయి ఒక్కతే కాదు, ప్రభుత్వం కూడా. సంచీలో చెక్క గరిటెలు తెచ్చుకుంటుంది. ఇక్కడి చెక్కపని వాళ్ల దగ్గర తీసుకుని గరుకు కాగితంతో నున్నగా రుద్ది ఇస్తే ఆ కూలి వేరే. ఒక్క చోట కూర్చున్నందుకు రెండు జీతాలన్నమాట.

నా బాధ అది కాదు. ఏం చెప్పినా "అవును పెద్దాయనా" అంటుంది. పరీక్ష చేద్దామని ఒకరోజు, ఈ కొండమీద కోట కట్టించింది మా తాతే అన్నాను. "అట్టనా పెద్దాయనా" అని గరిటె రుద్దుకుంటూ కూర్చుంది. జీతానికి వచ్చిన మనిషి అంతేరా. మనం కొనుక్కున్నది తలకాయ ఊపడం ఒకటే.

మా ప్రమీలమ్మ చెల్లెమ్మ ఎలా ఉంది? ఆమె దబ్బకాయ ఊరగాయ తిని ఎన్నాళ్లయింది.

నీ
డేవిడ్‌రాజు

*

ఆత్మకూరు,
సెప్టెంబరు 20

ప్రియమైన డేవిడుకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకోవడానికి, రెండోసారి నీ మోకాలి సంగతి చూడటానికి. మెట్లెక్కకు. కోట మీ తాత కట్టించాడు కాబట్టి అసలే ఎక్కకు.

జీతానికి వచ్చే మనిషిని అంత తేలిగ్గా తీసేయకు. నిన్నూ నన్నూ కలిపింది ఎవరు? దేవుడా? డ్యూటీ చార్టు. నీ పాత కండక్టరును మార్చారన్న కోపంతో మొదటి వారం నువ్వు నా మొహం చూడలేదు. నేను రైట్ అంటే బండి కదిలేది, హోల్డాన్ అంటే ఆగేది, అంతకుమించి మనకు మాటల్లేవు. తర్వాత ఒకసారి రాత్రికి పల్లెలోనే బండి ఉంచే నైట్ ఔట్‌లో బస్సు టాపు మీద పడుకుని, మీ నాయన నిన్ను చర్చిలో పాట పాడమంటే పారిపోయి లారీ క్లీనరుగా చేరిన కథ చెప్పావు. తెల్లవారేదాకా నవ్వాం. డిపో జీతం ఇవ్వకపోతే ఆ కథ నాకు ఎవరు చెప్పేవాళ్లు? జీతం ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడుతుంది, దాని పని అంతవరకే. తర్వాతది వాళ్ల ఇష్టం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను కూడా అదే పనికి కుదిరాను. నవ్వకు. ఇక్కడే ఆత్మకూరులో, ఒక పెద్దామె దగ్గర. పేపరు చదివి వినిపించాలి, అన్నం వేళకు అన్నం పెట్టాలి, గేటు దాటి పోకుండా చూడాలి. మహా గట్టి మనిషి. పొద్దున పోగానే చేతులు కడుక్కున్నానో లేదో చూపించమంటుంది. నేను వంటింట్లోంచి బయటికి వస్తే చెంచాలు సరిగా ఉన్నాయా అని చూసుకుంటుంది. మన చెకింగ్ ఇన్‌స్పెక్టర్లు ఈమె ముందు ఎందుకూ పనికిరారు. అయినా నాకు ఈ పని నచ్చింది. ఈ వయసులో పొద్దున్నే ఒకరికి అవసరమై లేవడం తక్కువేం కాదు.

మీ చెల్లెమ్మ ఇంట్లోనే ఉంది. ఊరగాయ ఈ ఏడు పెట్టలేదు.

ఇట్లు,
నీ కండక్టరు
రమణయ్య

*

ఉదయగిరి,
అక్టోబరు 24

ప్రియమైన రమణయ్యకు,

నువ్వు ఉద్యోగంలో చేరావని పెంచలమ్మకు చెబితే ఆమె గరిటె పక్కన పెట్టి నవ్వింది. ఆమె నవ్వడం అదే మొదలు. పెద్దామెకు మగమనిషిని కుదిర్చిన మహానుభావులెవరని అడుగుతోంది. నేనూ అడుగుతున్నాను.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. సోమశిల గేట్లు ఎత్తారని పేపర్లో చదివాను. జిల్లాలు మళ్లీ మారుస్తారని రోజుకొక మాట రాస్తున్నారు. మారుస్తే మార్చనీ, మన బండి తిరిగిన రోడ్డును ఎక్కడికీ మోసుకుపోలేరు గదా.

మొన్న ఒక సంగతి జరిగింది. ఉచిత బస్సు వల్ల ఆర్టీసీ మునిగిపోతుందని, మన కాలంలో టికెట్ లేకుండా చంటిబిడ్డను కూడా ఎక్కనిచ్చేవాళ్లం కాదని నేను చెప్పుకుపోతున్నాను. పెంచలమ్మ తల ఊపలేదు. "నువ్వు బస్సు తోలినన్నాళ్లు నేను ఒక్కసారన్నా నెల్లూరు చూసినానా పెద్దాయనా? మొన్న చూసినాను. పెన్న మీద వంతెన చూసినాను. నీ జేబులోంచి ఏం పోయింది?" అనింది. నేను ఒకటి అంటే ఆమె రెండు అనింది. మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం. ఆ రోజు అన్నం ఒక ముద్ద ఎక్కువ తిన్నానురా. ఇల్లు ఇల్లులా ఉంది. నువ్వన్నదే నిజం, జీతం కూర్చోబెడుతుంది, ఆ తర్వాతే మనిషి బయటపడేది.

కరుణశ్రీ నా ఫోనులో మాట్లాడే బొమ్మ ఒకటి పెట్టించింది. నేను మాట్లాడితే అది అక్షరాల్లో జవాబిస్తుంది. ఎంత తిట్టినా దానికి కోపం రాదు. కోపం రానిదానితో ఎంతసేపని మాట్లాడతాం? తీసేయించాను.

ఇప్పుడు అసలు మాట. నా కుడికన్ను ఎప్పుడో మసకబారింది, ఇప్పుడు ఎడమది కూడా. నవంబరు పద్నాలుగున నెల్లూరులో శుక్లం తీస్తారు. పావుగంట పని అంటున్నారు. వాళ్లకేం, కన్ను నాది. నేను బతికిందే కళ్లతో. నాకు భయంగా ఉంది రమణయ్యా, ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. వారం రోజులు వచ్చి నా పక్కన ఉండు. కట్టు కట్టకముందు నీ మొహం ఒకసారి చూసుకుంటాను. తర్వాత కనిపించకపోయినా దిగులుండదు.

చెల్లెమ్మను కూడా తీసుకురా. ప్రతి ఉత్తరం కింద ఆమె ఒక ముక్క రాసేది. ఈమధ్య రాయడం లేదు. అలిగిందా?

నీ
డేవిడ్‌రాజు

*

ఆత్మకూరు,
నవంబరు 3

ప్రియమైన డేవిడుకు,

రాలేనురా.

పెద్దామె నన్ను వదలదు. నేను మందుల షాపు దాకా పోయి వచ్చేలోగా గేటు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఇంకొకరు పెడితే అన్నం తినదు. వారం కాదు, ఒక పూట కూడా సెలవు దొరకదు. నీ కంటికి ఏమీ కాదు, ఈ రోజుల్లో అది పెద్ద ఆపరేషన్ కాదు. పెంచలమ్మను తోడు తీసుకుపో.

క్షమించమని అడగను. తిట్టుకో.

రమణయ్య

*

ఉదయగిరి,
నవంబరు 8

శ్రీ వెంకటరమణయ్య గారికి,

మీ ఉత్తరం అందినది. తమరు ఉద్యోగంలో తీరిక లేకుండా ఉన్నారని తెలిసి సంతోషించినాను.

సారా పోయిన రోజు మీరు డ్యూటీ మధ్యలో బ్యాగు ఇంకొకరి చేతిలో పెట్టి వచ్చారు. మెమో ఇచ్చినా లెక్కచేయలేదు. సమాధి దగ్గర నన్ను పట్టుకుని నిలబడ్డారు. ఆ మనిషి ఏమైపోయాడో నాకు తెలియదు. ముక్కూ మొహం తెలియని ఒక ముసలామె కోసం ఇప్పుడు నాకు ఒక పూట కూడా లేదంటున్నారు.

సరే, జీతమే ముఖ్యమైతే ఆ మాటే చెప్పండి. ఆ పెద్దామె ఎంత ఇస్తుందో రాయండి. అంతకు పైన నేనిస్తాను. పింఛను నాకూ వస్తుంది. ఒక్క వారం నాకు జీతానికి రండి. మీ యజమాని పేరు రాస్తే సెలవు కోసం ఆమెకు నేనే ఉత్తరం రాసుకుంటాను.

ఇట్లు,
కె. డేవిడ్‌రాజు
రిటైర్డ్ డ్రైవరు

*

ఆత్మకూరు,
డిసెంబరు 12

ప్రియమైన డేవిడుకు,

నీకు చూపు బాగా వచ్చిందని డిపోలో తెలిసింది. ఆపరేషన్ రోజు పొద్దున ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టించాను. మీ ప్రభువు ఏమీ అనుకోడులే.

నువ్వు నన్ను గారు అని రాసిన ఉత్తరం నెల రోజులుగా జేబులో పెట్టుకుని తిరిగాను. జవాబు రాయడం, చించడం. రాస్తే నిజమైపోతుందని భయం. ఇక రాయక తప్పదు. నా యజమాని పేరు అడిగావు గదా. ప్రమీల.

మీ చెల్లెమ్మేరా. మొదట కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. తర్వాత కూరగాయల అంగడి నుంచి ఇంటికి దారి తప్పింది. మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున లేచి పక్కన నన్ను చూసి కేకలు పెట్టింది. "ఎవురు నువ్వు పెద్దాయనా? మా ఆయన డ్యూటీకి పోయినాడు. వచ్చినాడంటే నీ కాళ్లు ఇరగ్గొడతాడు" అనింది. పెళ్లి ఫోటో తెచ్చి చూపించాను. అందులోవాడి మీద వేలు పెట్టి, ఈయనే మా ఆయన, నువ్వు ముసలోడివి అనింది. నేనే నీ మొగుణ్ణని చెప్పిన కొద్దీ భయపడింది. తలుపు గడియ పెట్టుకుంది. మా అబ్బాయి సురేంద్రబాబు భార్య జయశ్రీ వచ్చి ఆమెకు అన్నం పెట్టేది. నా ఇంటి వసారాలో నేను పడుకున్నాను.

డాక్టరుకు చూపించాం. ఇది మతిమరుపు జబ్బు, వెనక్కి తిరగదు అన్నాడు.

మూడో రోజు ఇంకేం చేయాలో తోచక, తలుపు బయట నిలబడి చెప్పాను. "అమ్మా, మీ ఆయనే నన్ను పనికి కుదిర్చినాడు. ఆయన వచ్చేదాకా నిన్ను చూసుకోమన్నాడు" అన్నాను. తర్వాత గడియ తీసింది. "కాళ్లు కడుక్కొని లోపలికి రా" అనింది.

మొగుణ్ణంటే ఇంట్లోకి రానివ్వలేదు, జీతగాణ్ణంటే రానిచ్చింది. ఆ రోజు నుంచి నేను పనివాణ్ణి. తల దువ్వుతాను, అన్నం కలిపి తినిపిస్తాను, చెయ్యి పట్టుకుని నడిపిస్తాను. సాయంత్రమైతే వాళ్లాయన కబుర్లు చెబుతుంది. ఆయన నోరు చెడ్డదిగానీ మనసు చెడ్డది కాదట. కొత్త కాపురంలో కనకాంబరాలు తెచ్చి, ఇవ్వడానికి సిగ్గుపడి టికెట్ల పెట్టెలో దాచాడట. ఇన్నేళ్ల కాపురంలో నాతో ఒక్కసారీ అనని మాటలు ఇవన్నీ. ఆ కుర్ర కండక్టరంటే నాకు అసూయగా ఉందిరా. ఒక్కోసారి చీకటిపడ్డా ఆయన ఇంకా రాలేదేమని నేను అడుగుతాను. "డేవిడన్న తోలతా ఉండాడు గదా, నాకేం దిగులు" అంటుంది. నువ్వు కంటి కోసం భయపడుతూ రాసిన ఉత్తరం నా జేబులో ఉండగానే ఈ మాట అనింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

ఇప్పుడు నా భయం వేరే. నాకు ఓపిక తగ్గిపోతోందని సురేంద్రబాబు ఒక శిక్షణ పొందిన ఆయాను కుదిర్చాడు, సంక్రాంతి దాటగానే వస్తుంది. వాడి తప్పేమీ లేదు. కానీ ఆమె వచ్చాక ఈ ముసలివాడు ఎందుకని ప్రమీల అంటే? రిటైరైన రోజు డిపోలో అందరూ దండలు వేస్తుంటే నేను నవ్వుతూనే ఉన్నాను. ఈ ఉద్యోగం పోతే మాత్రం నేను బతకలేను డేవిడూ. ఆమె పక్కన కూర్చోవడానికి నాకు ఇంకో దారి లేదు.

నిన్న తల దువ్వుతుంటే ఏమనుకుందో ఏమో, నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు మంచోడివి పెద్దాయనా. మా ఆయన రానీ, నిన్ను మానిపించొద్దని చెప్తాను" అనింది.

అందుకే రాలేకపోయాను.

నీ
రమణయ్య

*

ఉదయగిరి,
డిసెంబరు 17

ప్రియమైన నా రమణయ్యకు,

నీ ఉత్తరం నేనే చదువుకున్నాను, కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. సగం తర్వాత అక్షరాలు కనిపించలేదు. అది ఆపరేషన్ తప్పు కాదు.

నేను రాసిన ఆ గారు ఉత్తరం పొయ్యిలో పెట్టు.

క్రిస్మస్ ఆరాధన కాగానే, ఆ మరుసటి రోజు మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను. పెంచలమ్మ నన్ను ఆత్మకూరులో దించి పోతానంటోంది. సురేంద్రబాబుతో నేను మాట్లాడతాను. ఆయా వస్తే రానీ, బట్టలకూ స్నానానికీ ఆడమనిషి ఉండటం మంచిదే, చెల్లెమ్మ పక్కన కుర్చీ మాత్రం నీదే. నేను ఉన్నన్నాళ్లు పగలు కాసేపు నువ్వు కన్ను మూసుకో, నేను చూస్తుంటాను.

నేను డేవిడ్‌నని ఆమెకు చెప్పకు. ఆమె డేవిడన్న బండి తోలుతున్నాడు, వాణ్ణి రోడ్డు మీదే ఉండనీ. పనికోసం ఇంకో ముసలాయన వచ్చాడని చెప్పు. నా చేతులు చూసి, కాళ్లు కడుక్కోమని, నన్ను కూడా పెట్టుకోమను.

నీ
డేవిడు