నడి నాటకంలో లేచినందుకు

బిలాస్‌పూర్,
మార్చి 1987

మా అప్ప అచ్చియమ్మకి,

బొబ్బిలిలో నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ మా ఆయన, పిల్లలు బాగానే ఉన్నారు. నేనే బాగోలేదు. జరం కాదు, జలుబు కాదు. కుళ్లు. నీ దగ్గిర నాకు దాపరికమేటి, అచ్చంగా కుళ్లే.

పెళ్లయి ఈ రైల్వే క్వార్టర్లోకి వచ్చిన కాడ్నించీ, ఉగాదికి మా తెలుగు సంఘం వేసే నాటకంలో హీరోయిన్ని నేనే గదా. ఈ ఏడు సంఘం సెక్రటరీ సీతారామయ్య మాస్టారు ఇంటికొచ్చి, టీ తాగి, బిస్కట్లు తిని, మూతి తుడుచుకుని అప్పుడు నెమ్మదిగా చెప్పేరు, "సౌభాగ్యమ్మా, ఈసారి అత్త వేషం నీకైతే నిండుగా ఉంటాది" అని. నాకు అత్త వేషం. మరి హీరోయిన్ ఎవరండీ అంటే జ్యోతిర్మయి అట. అసిస్టెంట్ డ్రైవరు గిరిబాబు పెళ్లాం. మొన్న మొన్న కాపరానికొచ్చిన గుంట. ఇక్కడే లాల్‌ఖదాన్‌లో పుట్టి పెరిగింది, తెలుగు అక్షరం ముక్క రాదు. డైలాగులన్నీ హిందీ అక్షరాల్లో రాయించుకుని బట్టీ పడతన్నాది. నేను ఆడిన స్టేజి మీద, అప్పా, ఆ గుంట.

తలనొప్పని చెప్పి వేషం వద్దనీసేను. మొన్న మా ఆయన రిహార్సల్ చూసొచ్చి, అన్నం తింటూ "ఆ అమ్మాయి బాగా చేస్తందే" అన్నారు. పప్పు గిన్నె తీసుకెళ్లి వంటింట్లో పెట్టీసేను. మరికొంచెం వెయ్యమంటే అయిపోయిందన్నాను. గిన్నె నిండా ఉన్నాది.

అందుకే ఒకటి అనుకున్నాను, నువ్వు తిట్టినా సరే. నాటకం రోజు ముందు వరసలో కూకుంటాను. ఆ గుంట గడప దాటి వెళ్లిపోతూ అత్తని నిలదీసే సీనుంది, నాటకానికంతటికీ అదే పట్టు. సరిగ్గా అప్పుడు లేచి బయటికి నడిచీస్తాను. నన్ను చూసి వెనక నలుగురు లేస్తారు. చూసేవోళ్లు లేచిపోతంటే డైలాగు చెప్పడం కన్నా చెంపదెబ్బ తినడం నయం. ఆడినదాన్ని, నాకు తెలుసు.

నీ చెల్లెలు
సౌభాగ్య

బిలాస్‌పూర్,
ఉగాది మర్నాడు

అప్పా,

నువ్వు వద్దు వద్దని రాసిన ఉత్తరం అందింది. అయినా లేచేను. అనుకున్న సీనులోనే లేచేను. కానీ మా ఊరి సంగతి నేనే మర్చిపోయేను. రైలోళ్ల కాలనీలో ఆడమనిషి నడి నాటకంలో లేచి గబగబా బయటికి పోయిందంటే ఒకటే అర్థం. లైను మీద ఏదో అయ్యింది, కబురొచ్చింది. అందులోనూ నేను గార్డు పెళ్లాన్ని, నాటకమంటే అన్నం మానీసే మనిషిని. మా ఆయనకి ఆరోజే డ్యూటీ పడి గూడ్సు తీసుకుని రాయ్‌గఢ్ వైపు వెళ్లున్నారు.

వెనక నుంచి మా పక్క క్వార్టరు నూకరాజు పెళ్లాం నా చెయ్యి పట్టుకుని "ఏటయిందే? ఎవరి బండి?" అంది. నోరు తెరిస్తే కోపం బయటపడిపోద్దని పలకలేదు. పలక్కపోవడమే కొంప ముంచింది. నేను గుమ్మం దాటీలోగా "గూడ్సు పడిపోయిందట" అన్న మాట ఆఖరి వరసకి చేరిపోయింది. కుర్చీలు తన్నుకుంటూ, పిల్లల్ని చంకనేసుకుని ఒకటే పరుగు. నాటకమాడే రైల్వే ఇనిస్టిట్యూట్ హాలు ఖాళీ అయిపోయింది.

జ్యోతిర్మయి డైలాగు మధ్యలో వదిలీసి స్టేజి మీంచి దూకింది. మా ఆయన బండికి ఆరోజు అసిస్టెంటు గిరిబాబే. మొహానికి రంగు, తలనిండా పూలు, కాళ్లకి చెప్పుల్లేవు. నా చెయ్యి పట్టుకుని స్టేషను దాకా లాక్కెళ్లింది. "ఏం కాదు దీదీ, ఏం కాదు" అని నాకే ధైర్యం చెప్పింది. అప్పుడైనా నిజం చెప్పొచ్చు గదా అప్పా. చెప్పకుండా దాని వెనకే పరిగెత్తేను.

స్టేషన్లో డ్యూటీ బాబు కంట్రోలుకి ఫోను చేసి, బండి చాంపాలో సిగ్నలు కోసం నిలబడుంది, అందరూ క్షేమం అన్నాడు. అప్పుడు అందరూ నా మీద పడ్డారు, కబురెవరు చెప్పేరని. "ఎవరూ చెప్పలేదు, ఎందుకో కీడు తోచింది" అన్నాను. అంతే, నూకరాజు పెళ్లాం నన్ను కావిలించుకుని ఏడిచింది. మొగుడంటే అంత ప్రాణమా అని సీతారామయ్య మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. ఇన్నేళ్లు ఇన్ని వేషాలు కట్టేను, ఇంత మంది నమ్మిన వేషం ఇదొక్కటే. ఆ గుంట నాటకం చెడిపోవాలనుకున్నాను, చెడిపోయింది. మరి నాకు అన్నం ఎందుకు సయించడం లేదో తెలీదు.

సౌభాగ్య

బిలాస్‌పూర్,
శ్రీరామనవమి వెళ్లిన మూడోనాడు

మా అప్పకి,

నీకు రాసిన మర్నాడే జ్యోతిర్మయి ఇంటికొచ్చింది. కూకోమంటే కూకోలేదు.

"దీదీ, స్టేజి లైటు మీ మొహం మీద కూడా పడింది. మీరు లేచినప్పుడు చూశాను. అది భయం కాదు, గుస్సా, కోపం" అంది.

"తెలిసీ ఎందుకు దిగేవు మరి?" అన్నాను.

"హాలంతా బండి పడిపోయిందంటుంటే ఎలా నిలబడను? ఆయన అందులోనే ఉన్నారు కదా. నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. నవమి పందిట్లో నాటకం మళ్లీ వేస్తారట. ఈసారి చివరిదాకా కూర్చోండి. బస్, అంతే."

ఎవరికీ చెప్పనంది చూడు, అప్పుడు మండింది నాకు. నలుగుర్నీ పిలిచి చెప్పీసుంటే జుట్టు పట్టుకునైనా దెబ్బలాడుదును. మంచితనంలో కూడా నన్ను దాటీసింది.

నవమికి వెళ్లి కూకున్నాను. పక్కన మా ఆయన. పందిట్లో ఆడోళ్ల చూపులన్నీ నా మీదే. నేను దగ్గితే వెనక గాజులు గలగలమన్నాయి. పైట సర్దుకుంటే పిల్లల్ని దగ్గిరికి లాక్కున్నారు. ఆ సీను రానే వచ్చింది. అత్తని నిలదీస్తన్నాది, చెప్తూ చెప్తూ ఓసారి జనం వేపు చూసింది. ఒక్కరూ దాన్ని చూడ్డం లేదు. నన్నే చూస్తన్నారు, మళ్లీ కీడు తోచి ఎక్కడ లేస్తానోనని. అబద్ధమెందుకు అప్పా, ఓ నిమిషం తియ్యగానే ఉన్నాది. తర్వాత దాని గొంతు జీరబోయింది. వేషంలో ఏడుపు కాదది. నాకు తెలుస్తాది గదా.

లేస్తే పందిరంతా లేస్తాది. లేవకపోతే చూపులు నన్ను వదల్వు. ఏం చెయ్యను? వెనక్కి తిరిగి నూకరాజు పెళ్లాంతో పదిమందికీ వినపడేలాగే అన్నాను, "నా మొహంలో ఏటుందే? అటు చూడు. నాటకం అక్కడ ఆడతన్నాది."

పందిరంతా నవ్వేరు, నవ్వి అటు తిరిగేరు. తిరిగినవోళ్లు మరి ఇటు చూడలేదు. ఆ గుంట చేసింది చూడు అప్పా. నేను ఆ సీను ఎప్పుడూ అలగ చెయ్యలేదు, చెయ్యలేను కూడా. ఈ ముక్క నీకే రాస్తన్నాను, బావకి చూపించకు.

ఇంటికొస్తంటే మా ఆయన "ఆ అమ్మాయి..." అని, నా వంక చూసి ఆగిపోయేరు.

"అనండి" అన్నాను.

అన్నారు. ఒక ముక్కతో ఆపలేదు, క్వార్టరు గుమ్మం దాకా ఆ అమ్మాయి గురించే చెప్తూ వచ్చేరు. ఒళ్లంతా మండిపోయింది. అయినా మధ్యలో వెళ్లిపోకుండా, పక్కనే నడుస్తూ ఆఖరి దాకా విన్నాను.

నీ చెల్లెలు
సౌభాగ్య