స్క్రీనులో నీ చేతులు

ఒరే రఫీ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది.

పాటకి ముందు నువ్వు డ్రమ్ము మీద రెండు అరచేతులూ ఆనించి, కళ్లు మూసుకుని బిస్మిల్లా అనేవోడివి. ఆ చేతులే గీసి మన బ్యాండు టీషర్టుల మీద అచ్చేసేను. నీ కబురొచ్చినప్పుడు కూడా అవే అచ్చేస్తన్నాను. రంగు దిగే సన్నగుడ్డ బిగించిన అచ్చు చట్రం, అదే స్క్రీను, కడగకుండానే పరిగెత్తేను. రంగు ఎండిపోయి నీ చేతులు దానికే పట్టేసేయి.

నిన్న చోడవరంలో మన షాపుకి మీ అమ్మ వచ్చింది. ఓ టీషర్టు అచ్చేసి ఇమ్మంది. ఎండిన స్క్రీనులోంచి ఇంక రంగు దిగదమ్మా అన్నాను.

"పోనీ, ఒకసారి సూపించు బాబూ" అంది.

వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. నీ చేతుల మీద తన చేతులు ఆనించి, కళ్లు మూసుకుని, బిస్మిల్లా అంది.

ఆ మాట తర్వాత నీ డ్రమ్ము మోగాలి కదరా. ఇద్దరం అలాగే నిలబడిపోయేం.