ఫోను గట్టిగా చదివిన నంబరు

ఇబ్రహీంపట్నం

లోన్ ఆఫీసు మేనేజర్ రాంచంద్ర సారుకు కరుణ నమస్కారాలు.

రాతలో తప్పులుంటే క్షమించండి. ఐదో తరగతి తర్వాత చూపు పోయింది. అట్టముక్క ఆనించి రాస్తున్నాను. వరుసలు ఒకదాని మీదొకటి ఎక్కితే మీరే దింపుకోండి. నోటితో అడగాలంటే సిగ్గు.

పిండిగిర్ని పెట్టుకుందామని లోన్ అడిగితే, నా పేరు మీద మోటార్ సైకిల్ బాకీ ఉందని తిప్పి పంపారు. చూపులేని నేను బండి కొని ఎక్కడికి పోతాను సారూ? ఆ బాకీ నాది కాదు. తీసెయ్యండి.

ఇది చదివి కాల్చెయ్యండి. మా ఆయన బాలేష్‌కు తెలిస్తే ఫికర్ పడతాడు.

మీ చెల్లెలి లాంటి
కరుణ

మరో మాట: బండి రంగైనా చెప్పండి. కొన్నదాన్ని, తెలియాలి కదా.

*

శ్రీమతి కరుణ గారికి,

మీరు కోరినట్లే ఉత్తరం కాల్చేశాం. కాబట్టి మీ ఫిర్యాదు మా దగ్గర లేదు. మీ ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పాకే ఆ లోన్ ఇచ్చాం. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని తెలియదా? కిస్తీ కట్టగలరు.

ఇట్లు,
రాంచంద్ర, మేనేజర్

తా.క. ఎరుపు. మా కౌంటర్‌లో ఉండే లింగస్వామి కూడా ఈమధ్య అచ్చం అలాంటిదే తెచ్చుకున్నాడు. మంచి బండి.

*

మేనేజర్ సారుకు,

మీ ఉత్తరం నా ఫోను ఫొటో తీసుకుని చదివి వినిపించింది. ఓటీపీ నేను చెప్పలేదు, ఆ ఫోనే చెప్పింది. తెర మీద ఏది వచ్చినా పైకి చదువుతుంది. నాకు అదే కన్ను.

ఆధార్ జిరాక్స్ ఇవ్వడానికి వచ్చిన రోజు లింగస్వామి, "అక్కా, పరేషాన్ కాకు. జర సౌండ్ పెంచి ఫోన్ గీ బల్ల మీద పెట్టు, నంబర్ నేనే రాసుకుంట" అన్నాడు.

"గిర్ని లోన్‌కేనా తమ్మీ?"

"అవ్ అక్కా, గిర్నికే."

తప్పు నాది కాదు. ఈ ఉత్తరం కాల్చకండి. కాల్చినా లాభం లేదు, జిరాక్సులు పోలీస్ స్టేషన్‌కూ, క్రెడిట్ స్కోరు కంపెనీకీ పంపాను.

కరుణ

మరో మాట: బాలేష్‌కు నేనే చెప్పాను. "బండి ఎర్రదా? మరి మనకెందుకియ్యలే?" అన్నాడు.

*

కరుణమ్మా,

లింగస్వామి ఒప్పుకున్నాడు. బాకీ మీ పేరు మీంచి తీసేశాం. గిర్ని లోన్ మంజూరైంది. ఆఫీసు పరువు మీ చేతిలో ఉంది. నా మొదటి ఉత్తరం దయచేసి కాల్చెయ్యండి.

మీ అన్న
రాంచంద్ర

తా.క. ఇది కూడా.

*

రాంచంద్ర గారికి,

కాల్చను.

ఇప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నాను. నా పేరు మీద ఎవరు అప్పు అడిగినా నాకు కబురు వచ్చేలా పెట్టించాను. ఇక ఎవరి బల్ల మీదా నా ఫోను పెట్టను. సంతకానికి సోమవారం వస్తాను.

గిర్ని కరుణ

మరో మాట: ఆ ఒక్క రోజు మాత్రం ఇయర్‌ఫోన్ పీకేస్తాను. లైన్లో ఉన్నవాళ్లందరికీ మీ రెండు ఉత్తరాలూ ఫోనే చదివి వినిపిస్తుంది. సౌండ్ పెంచే ఉంచుతాను, మీ లింగస్వామి చెప్పినట్టే.