ఉమ్మడి గోడ ధర

గౌలిపుర, హైదరాబాద్
2 సెప్టెంబరు 2025

బార్కస్‌లో కిరాయి ఇంటి మూడో అంతస్తులో వెలిగిపోతున్న అబ్దుల్ వాహెద్ భాయ్‌కు, ఇంకా నేల మీదే ఉన్న రామలింగం సలాం. సాజిదా భాభీకి ఆండాలు నమస్కారాలు చెప్పమంది. మేము క్షేమం. నువ్వు క్షేమమో కాదో రెండేళ్లుగా చెప్పలేదు కాబట్టి అడగను.

ఇల్లు అమ్ముతున్నట్టు నువ్వు నాకు చెప్పలేదు. ఒకే గోడకు ఆనుకుని ముసలివాళ్లమయ్యాం. ఆ వార్త మాత్రం హోటల్లో చాయ్ సాసర్లో పోసుకుంటుండగా బ్రోకర్ కృపాకర్ నోటి నుంచి విన్నాను. కోటలు అమ్ముకున్న రాజుల గురించి చరిత్ర పుస్తకాల్లో చాలా చదివాను. వాళ్లు కూడా పక్క రాజుకు కబురంపేవాళ్లు. నీ తమ్ముళ్లు వాటాలడిగారని, ముఖం చూపించలేక వెళ్లిపోయావని తర్వాత తెలిసింది. జాలిపడాల్సిన సంగతే. కానీ నేను పడను.

ఇప్పుడు విను, నీ కడుపు మండాలనే రాస్తున్నాను. మెట్రో వస్తుందన్న మాటతో గజం ధర నువ్వు అమ్మిన నాటి కంటే రెట్టింపయింది. నా ఇంటి కప్పు కురుస్తోంది, సున్నం రాలుతోంది. ఇల్లు ముసలిదవుతున్న కొద్దీ దాని ధర పడుచుదవుతోంది. ముందు గల్లీలో "తబియత్ ఎట్లుంది చాచా" అనేవాళ్లు, ఇప్పుడు "ఎన్ని గజాలుంటది చాచా" అంటున్నారు. ఒళ్లు మండుతుంది. అయినా అబద్ధమెందుకు, ఆ మాట విన్నప్పుడు ఛాతీ కాస్త ముందుకొస్తుంది. బతుకంతా ప్రెస్సులో పరాయివాళ్ల తప్పులు దిద్దిన నాకు, ఏ పనీ చేయకుండా విలువ పెరగడం ఇదే మొదలు.

నీ ఇల్లు కొన్నవాడు దానికి తాళం వేసి పెట్టాడు. నాదీ కలుపుకుని ఫంక్షన్ హాల్ కడతాడట. మొన్న కృపాకర్ వచ్చి, "సంతకం పెట్టుండ్రి సార్, దసరాకల్లా గోడ కూలగొడ్తం. గింత రేటు మళ్ల రాదు" అన్నాడు. శుక్రవారం దాకా గడువిచ్చాడు. ఆండాలుకు మోకాళ్ల నొప్పులు, లిఫ్టున్న ఫ్లాటు మీద ఆశ. అందులో తప్పులేదు. "రేటు ఇంకా పెరుగుతది, ఓపిక పట్టు" అన్నాను. "నీకు రేటు ఫికర్ ఎప్పటి సంది?" అని నా ముఖంలోకి చూసి వంటింట్లోకి పోయింది.

ఆ గోడలో మన పైపు కిటికీ గుర్తుందా? నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, అదీ మీ వైపు బొట్టు రాలేది కాదు. నేను ఇటు నుంచి పైపు తోస్తే భాభీ అటు అందుకుని డ్రమ్ములో పెట్టేది. కాస్త ఆలస్యమైతే చాలు, "రామలింగం, గంగమ్మను దాచిపెట్టినవా ఏంది?" అని నువ్వు లొల్లి చేసేవాడివి. ఇప్పుడు అరిచేవాడు లేడు. హాయిగా ఉంది.

కోపం చల్లారని
రామలింగం

తా.క. ఆండాలుకు చెప్పింది అబద్ధం. రేటు పెరిగినా పడినా నాకొకటే. నల్లా వచ్చిన ప్రతిసారీ పైపు ఆ కిటికీలోంచి తోస్తూనే ఉన్నాను. అందుకునే చెయ్యి లేక నీళ్లు భాభీ నాటిన జామచెట్టు మొదట్లో పడుతున్నాయి. గోడ పోతే చెట్టూ పోతుంది. ఉత్తరంతో పంపిన సంచిలో ఉన్నవి దాని కాయలే, ఒక కొమ్మ మా వైపు వాలింది. శుక్రవారం లోపల వచ్చి, అమ్మాలో వద్దో నా ఎదుట కూర్చుని చెప్పు. నువ్వు నాకు చెప్పకుండా అమ్మావు. నేను నీకు చెప్పకుండా అమ్మను. కాయలు తియ్యగా ఉన్నాయని మురిసిపోకు. అది నా నీళ్ల గొప్ప.